పొగరాని ఫ్యాక్టరీ తాగే నీళ్ళు: చైనా అనుమతుల కథ

డేటా సెంటర్ అనే మాట మన పల్లెల్లోకి ఈ మధ్యనే వచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ కంపెనీ విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెట్టి అలాంటిది కడతానని ప్రకటించింది. అప్పటి నుంచి భూమి ఎంత పోతుంది, నీళ్ళెక్కడివి, మనవాళ్ళకు పనులెన్ని అనే ప్రశ్నలు రచ్చబండల దగ్గర కూడా వినబడుతున్నాయి. ఫ్యాక్టరీ అంటే మనకు తెలుసు. చిమ్నీ వుంటుంది, పొగ వస్తుంది, తూములోంచి రంగునీళ్ళు వచ్చి చెరువులో పడతాయి, చేపలు చచ్చి తేలతాయి. అప్పుడు జనం పోయి గేటు ముందు బైఠాయిస్తారు. మరి పొగా లేదు, కంపూ లేదు, రంగునీళ్ళూ లేవు అని చెప్పుకునే ఫ్యాక్టరీ వస్తే దాన్ని ఏమని అడగాలి?

ఈ చిక్కు మనకంటే ముందు చైనాకు వచ్చింది. అక్కడ ఇవి పట్నాల్లో మొదలై, తర్వాత ప్రభుత్వ పథకం ప్రకారమే పల్లెలకూ, మెట్ట ప్రాంతాలకూ తరలాయి. వాటికి ఇచ్చే అనుమతి కాగితాల్లో ఏమి అడుగుతారు, ఏమి అడగరు, అడగని దాని బరువు ఎవరి పొలం మీద పడుతుంది అనేది ఈ వారం చెప్పుకుందాం.

ముందు వస్తువేమిటో తెలుసుకోవాలి. రేషన్ డిపోలో మీరు వేలిముద్ర వేస్తే అది మీదో కాదో తేల్చి చెప్పేది డీలరు చేతిలోని చిన్న మిషను కాదు, ఎక్కడో దూరాన వున్న పెద్ద కంప్యూటరు. సెల్‌ఫోనులో పంపిన ఫోటో, బ్యాంకు ఖాతాలో పడిన డబ్బు లెక్క, సినిమా పాట అన్నీ అలాంటి కంప్యూటర్లలోనే వుంటాయి. వేలకు వేలు కంప్యూటర్లను బీరువాల్లో వరసగా పేర్చి, రాత్రీ పగలూ ఆపకుండా నడిపే కొట్టమే డేటా సెంటరు. ధాన్యం గోదాము లాంటిదే అనుకోండి. కాకపోతే ధాన్యం వూరికే పడివుంటుంది, ఇవి మాత్రం వేడెక్కుతాయి. ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి తోడకపోతే మిషన్లు మాడిపోతాయి.

వేడిని తోడటానికి రెండు దారులు. ఒకటి, పెద్దపెద్ద ఏసీలు పెట్టడం, దానికి కరెంటు కావాలి. రెండోది మన మట్టికుండ సూత్రం. కుండకు పట్టిన చెమ్మ ఆవిరై పోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది, నీళ్ళు చల్లబడతాయి. కూలింగ్ టవర్లు చేసే పని అదే. దీనికి కరెంటు తక్కువ పడుతుంది గాని నీళ్ళు ఖర్చవుతాయి. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. పొలానికి పెట్టిన నీటిలో కొంత భూమిలోకి ఇంకి పక్క బావిలో తేలుతుంది, కొంత మురుగు కాలువలోకి పోయి కింది రైతుకు అందుతుంది. టవరులో ఆవిరైన నీరు ఆ వూరికి మళ్ళీ రాదు.

ఇక అనుమతుల సంగతి. చైనాలో పర్యావరణం గురించిన మొదటి జాతీయ సమావేశం 1973లో జరిగింది. 'మూడూ ఒకేసారి' అనే నియమం అప్పటిదే. అంటే కాలుష్యాన్ని ఆపే యంత్రాలను ఫ్యాక్టరీతో పాటే డిజైను చేయాలి, పాటే కట్టాలి, పాటే నడపాలి. కట్టే ముందు పర్యావరణం మీద దాని ప్రభావాన్ని అంచనా వేయాలన్న మాట 1979 నాటి చట్టంలోకి ఎక్కింది. దానికోసం విడిగా ఒక చట్టాన్ని 2002లో చేశారు, 2003 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి తెచ్చారు. దాని ప్రకారం ప్రాజెక్టులు మూడు మెట్లు. ఎక్కువ హాని చేసేవాటికి పెద్ద నివేదిక రాయాలి. కొంచెం తక్కువైతే ఒక ఫారం నింపాలి. ఇంకా తక్కువైతే పేరు నమోదు చేసుకుంటే చాలు. ఏది ఏ మెట్టు మీద వుంటుందో సర్కారు ఒక జాబితాలో ప్రకటిస్తుంది.

చట్టం కాగితం మీద బాగానే వున్నది. అమలు ఎలా వున్నదో 2005 జనవరిలో లోకానికి తెలిసింది. అప్పటి జాతీయ పర్యావరణ సంస్థ ఉపాధిపతి పాన్ యువే, అంచనా నివేదిక ఆమోదం లేకుండానే పనులు మొదలుపెట్టిన 30 ప్రాజెక్టులను ఆపాలని బాహాటంగా ప్రకటించారు. అందులో జిన్‌షా నది మీద కడుతున్న షిలోడు జలవిద్యుత్ ప్రాజెక్టు వంటి మహా నిర్మాణాలు కూడా వున్నాయి. పత్రికలు దానికి 'పర్యావరణ తుఫాను' అని పేరు పెట్టాయి. మరి తుఫాను ఎంతసేపు కొట్టింది? షిలోడు కాగితాలు పూర్తి చేసుకుని అదే ఏడాది మళ్ళీ మొదలైంది. ఎందుకంటే చట్టంలోనే సందు వున్నది. అనుమతి లేకుండా కట్టేవాణ్ణి ముందు 'కాగితాలు తెచ్చుకో' అనాలి. తెచ్చుకోకపోతేనే జరిమానా, అదీ గరిష్ఠంగా 2 లక్షల యువాన్లు. వందల కోట్లు పెట్టేవాడికి ఆ సొమ్ము మోతుబరి ఇంట్లో పెళ్ళికి ఇచ్చే చదివింపు పాటి చేయదు. ముందు కట్టెయ్, తర్వాత కాగితం చూద్దాం అనే పద్ధతి అలా బలిసింది.

పదకొండేళ్ళ తర్వాత, 2016లో, చట్టాన్ని సవరించారు. జరిమానాను మొత్తం పెట్టుబడిలో 1 నుంచి 5 శాతం దాకా పెంచారు. కట్టినదాన్ని తొలగించి భూమిని మునుపటి స్థితికి తెమ్మని ఆదేశించే అధికారం కూడా ఇచ్చారు. ఇది గట్టి పనే. అయితే అదే కాలంలో ఇంకో చేత్తో కొన్ని ముడులు వదులు చేశారు. 2017 అక్టోబరు నుంచి, కట్టిన తర్వాత కాలుష్య నివారణ యంత్రాలు సరిగా వున్నాయా లేదా అని తనిఖీ చేసి ఒప్పుకునే బాధ్యతను యాజమాన్యాలకే అప్పగించారు. 2018 చివరలో, అంచనా నివేదికలు రాసే సంస్థలకు ప్రభుత్వ లైసెన్సు అక్కరలేదన్నారు. అధికారుల లంచగొండితనం తగ్గుతుందనీ, పరిశ్రమకు జాప్యం తగ్గుతుందనీ చెప్పారు. కంపెనీ డబ్బుతో కంపెనీ మనిషి రాసే నివేదిక కంపెనీ మాట కాక ఇంకెవరి మాట చెబుతుంది అన్న అనుమానం మాకైతే పోలేదు.

'అదంతా సిమెంటు, రసాయనాలు, ఆనకట్టల గొడవ. హైటెక్ పరిశ్రమ శుభ్రమైనది గదా' అని అనేవాళ్ళుంటారు. చైనాలోనూ అలాగే అన్నారు. 2008లో హెనాన్ రాష్ట్రంలోని గావ్‌లాంగ్ గ్రామస్థుల మాట విదేశీ పత్రికల దాకా పోయింది. సోలార్ పలకలకు కావలసిన సిలికాన్ తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి లారీల్లో తెచ్చి, మొక్కజొన్న చేల మధ్య తెల్లటి ద్రవం పారబోసి పోతున్నారని వాళ్ళ ఆరోపణ. 2011 సెప్టెంబరులో జెజియాంగ్ రాష్ట్రం హైనింగ్ దగ్గర హొంగ్‌షియావ్ గ్రామంలో ఏటిలో చేపలు గుంపులుగా చచ్చాయి. అక్కడిదీ సోలార్ ఫ్యాక్టరీయే. ఆరుబయట వుంచిన వ్యర్థాలు వానకు కొట్టుకుపోయి ఏట్లో ఫ్లోరైడ్ కలిసింది. వందల మంది గ్రామస్థులు ఫ్యాక్టరీని చుట్టుముట్టారు, కార్లు తిరగబడ్డాయి, ఉత్పత్తి ఆగింది. ఆ ఫ్యాక్టరీ వ్యర్థాల ఏర్పాటు ఏప్రిల్ నుంచీ పరీక్షల్లో ఫెయిలవుతూనే వున్నదని స్థానిక అధికారులే ఒప్పుకున్నారు. అయిదు నెలల పాటు కాగితం మీద తెలిసిన సంగతిని ఏట్లోని చేపలు బయటపెట్టాయి.

డేటా సెంటరు వాటిలాంటిది కాదు. దాని పక్కన ఏట్లో చేపలు చావవు. అక్కడే అసలు కిటుకున్నది. చైనా అంచనా చట్టం ప్రధానంగా అడిగేది బయటికి ఏమి వదులుతావు అని. పొగ ఎంత, మురుగు ఎంత, విషం ఎంత. డేటా సెంటరు పెద్దగా వదలదు, లోపలికి తీసుకుంటుంది. కరెంటు తీసుకుంటుంది, నీళ్ళు తీసుకుంటుంది, భూమి తీసుకుంటుంది. కరెంటు పోయినప్పుడు నడపటానికి డీజిల్ జనరేటర్లుంటాయి గాని అవి ఎప్పుడో గాని నడవవు. కాబట్టి ఈ మెట్ల లెక్కలో అది రసాయన ఫ్యాక్టరీతో సమానంగా పై మెట్టున నిలబడదు. దానికి కరెంటు మోసుకొచ్చే హైటెన్షన్ లైనుకు మాత్రం వేరే అంచనా వుంటుంది!

అందుచేత చైనాలో డేటా సెంటరుకు నిజమైన గేటు పర్యావరణ శాఖ దగ్గర కాదు, ఇంధన పొదుపు తనిఖీ దగ్గర వున్నది. 2023లో సవరించిన నిబంధన ప్రకారం, ఏడాదికి 50 లక్షల యూనిట్లు, ఆ పైన కరెంటు వాడే ఏ కొత్త ప్రాజెక్టు అయినా ముందుగా ఆ తనిఖీలో నెగ్గాలి. నెగ్గకపోతే పునాది తీయకూడదు. పెద్దవాటిని రాష్ట్ర స్థాయిలోనే పరిశీలిస్తారు. 2025లో దీనికి కర్బన ఉద్గారాల లెక్క కూడా జోడించారు.

ఆ తనిఖీలో చూసే ముఖ్యమైన అంకె ఒకటుంది. మొత్తం ఎంత కరెంటు తీసుకున్నారు, అందులో కంప్యూటర్లకు ఎంత పోయింది అని భాగిస్తారు. కూలీలకు వంద రూపాయలు కూలి ముట్టడానికి మేస్త్రీకి యాభై రూపాయలు పోతే మొత్తం ఖర్చు 150 గదా, ఆ లెక్క 1.5 అన్నమాట. ఆ యాభై చల్లబరచటానికీ, లైట్లకూ పోయిన కరెంటు. ఎంత ఒకటికి దగ్గరైతే అంత పొదుపు. బీజింగ్ 2018లో నగర నడిబొడ్డున కొత్త డేటా సెంటర్లనే నిషేధించింది. మిగతా చోట్ల ఈ అంకె 1.4 దాటితే వద్దన్నది. షాంఘై 2019లో 1.3 అన్నది. 2024 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇంకా బిగించింది: 2025 ఆఖరుకు దేశమంతటా సగటు 1.5 కంటే తగ్గాలి, కొత్తగా కట్టే పెద్దవి 1.25కు రావాలి, జాతీయ కేంద్రాలుగా గుర్తించిన చోట్ల 1.2 మించకూడదు. ఆ కేంద్రాల్లోని కొత్త వాటికి కరెంటులో 80 శాతానికి పైగా గాలి, ఎండ, నీటి నుంచి రావాలనీ లక్ష్యం పెట్టింది.

ఈ కట్టుబాటును తీసిపారేయలేము. కరెంటు పారబోతకు ముకుతాడు వేసిన మాట నిజం. పైగా వద్దనుకుంటే ఆపగల శక్తి వున్నదని కూడా రుజువైంది. 2019లో ఇంధన పొదుపు లక్ష్యాలు అందుకోలేక మాటపడ్డ ఇన్నర్ మంగోలియా, బిట్‌కాయిన్ వంటి కంప్యూటర్ నాణేలను తవ్వే కొట్టాలను 2021 వసంతంలో మూయించింది. అదే సెప్టెంబరులో దేశమంతటా నిషేధం వచ్చింది. బొగ్గు కరెంటు మింగే వేలాది మిషన్లు మూలపడ్డాయి. ప్రభుత్వం గట్టిగా తలచుకుంటే ఎంత పెద్ద పెట్టుబడి అయినా తలవంచుతుందనే దానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

కాని ఇందాక కుండ సూత్రం చెప్పుకున్నాం. కరెంటు అంకె తగ్గించాలంటే సులువైన దారి నీళ్ళు ఆవిరి చేయడం. అంటే కరెంటు మీద ఎంత బిగిస్తే, నీళ్ళ మీదికి అంత నెట్టినట్టు. బీజింగ్, షాంఘైలలో గేటు మూస్తే కంపెనీలు ఎక్కడికి పోతాయి? చల్లగా వుండే చోటికి, గాలిమరలూ సోలార్ కరెంటూ వున్న చోటికి, భూమి చవకగా దొరికే చోటికి. 2022 ఫిబ్రవరిలో సర్కారే దీన్ని జాతీయ పథకం చేసింది. తూర్పు నగరాల లెక్కలు పడమటి ప్రాంతాల్లో చేయడమనే ఈ పథకంలో ఎనిమిది కేంద్రాలు, పది సముదాయాలు వున్నాయి. దక్షిణాన గ్వీజౌలో వానలకు కొదవ లేదు. కాని ఇన్నర్ మంగోలియా, నింగ్‌షియా, గన్సు, బీజింగ్‌కు ఉత్తరానున్న ఝాంగ్‌జియాకౌ అన్నీ ఎండు నేలలు. చల్లదనం, గాలి, ఎండ వున్నచోట నీళ్ళు లేవు.

ఝాంగ్‌జియాకౌ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ఇది హెబెయ్ రాష్ట్రంలోని కొండలు, పీఠభూమి వున్న జిల్లా. బీజింగ్ నగరం తాగే నీళ్ళకు ఇది తలాపు. మియున్ రిజర్వాయరుకు నీరు తగ్గుతున్నదని, 2006 నుంచి ఆ ఎగువనున్న రైతులను వరి మానిపించారు. ఈ జిల్లాలోని చిచెంగ్, పక్క జిల్లాలోని ల్వాన్‌పింగ్, ఫంగ్‌నింగ్ తాలూకాల్లో లక్షా 3 వేల 'ము'ల వరిమడిని మొక్కజొన్న వంటి మెట్ట పంటకు మార్చారు. ఆరు 'ము'లు మన ఎకరం, కాబట్టి సుమారు 17 వేల ఎకరాలు. ఊరికే మార్పించలేదు. 'ము'కు మొదట 450, తర్వాత 550 యువాన్లు ఏటా పరిహారం ఇచ్చారు. కింది నగరం పై రైతుకు నీళ్ళ విలువ కట్టి ఇవ్వడమనేది మన దేశంలో మేము పెద్దగా చూడని పని. అది చెప్పుకోవలసిందే.

అదే జిల్లా పీఠభూమిలో కూరగాయల సాగు పెరిగి, బోర్లు దిగి, ఝాంగ్‌బెయ్ తాలూకాలోని అంగులి సరస్సు 2004లో పూర్తిగా ఎండిపోయింది. 2019లో ఆ ప్రాంతాన్ని రాజధాని నీటి పరిరక్షణ మండలంగా ప్రకటించి, బోర్ల కింద సాగును తగ్గించే కార్యక్రమం పెట్టారు. ఇక్కడి దాకా ఒక తర్కం వున్నది. నీళ్ళు లేవు, కాబట్టి రైతు తగ్గించుకోవాలి. ఇప్పుడు రెండో పేజీ తిప్పండి. అలీబాబా కంపెనీ అదే ఝాంగ్‌బెయ్‌లో 2016లో డేటా సెంటరు తెరిచింది. 2022 పథకంలో ఝాంగ్‌బెయ్, ద్రాక్ష తోటలకు పేరుపడ్డ హ్వాయ్‌లాయ్, షువాన్‌హ్వా ఈ మూడూ ఝాంగ్‌జియాకౌ సముదాయానికి మొదటి చోట్లు అయ్యాయి.

న్యాయంగా మాట్లాడుకోవాలి. వరి మాన్పించిన నీళ్ళే డబ్బాలో పట్టి కంపెనీకి ఇచ్చారని మేము అనటం లేదు. ఆ వరి మడులు వేరే నదీ పరీవాహకంలోవి. ఝాంగ్‌బెయ్‌లో చలి ఎక్కువ, ఏడాదిలో చాలా నెలలు బయటి గాలితోనే మిషన్లు చల్లబడతాయి, నీళ్ళు అంతగా అక్కరలేదు. వాళ్ళ కరెంటులో గాలిమరలదీ పెద్ద వాటా. మా ప్రశ్న వేరే. ఒకే జిల్లాలో రైతు బోరుకు కోత పెట్టే పట్టిక ఒక ఆఫీసులో, డేటా సెంటరుకు అనుమతిచ్చే పట్టిక ఇంకో ఆఫీసులో వున్నప్పుడు ఆ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చదివేవాడు ఎవడు?

ఎంత నీళ్ళని అడుగుతారా? మనమే లెక్క కట్టి చూద్దాం. చైనా ప్రభుత్వ శాఖలు తమ అవసరాలకు వాడుకునే డేటా సెంటర్లకు 2023లో ఒక ప్రమాణం పెట్టారు. కంప్యూటర్లు వాడే ఒక యూనిట్ కరెంటుకు రెండున్నర లీటర్లకు మించి నీళ్ళు ఖర్చు కారాదని. లక్ష కిలోవాట్ల కంప్యూటర్లున్న కొట్టాన్ని అనుకోండి, అంటే 100 మెగావాట్లు. గంటకు లక్ష యూనిట్లు. ఏడాదికి 8,760 గంటలు. మొత్తం 87 కోట్ల 60 లక్షల యూనిట్లు. యూనిట్‌కు రెండున్నర లీటర్ల చొప్పున 219 కోట్ల లీటర్లు. ఎకరం వరికి పంటకాలమంతా నాలుగడుగుల నీరు పెడితే సుమారు 50 లక్షల లీటర్లు. అంటే పరిమితి అంచు దాకా వాడితే ఆ కొట్టం ఏటా దగ్గర దగ్గర 440 ఎకరాల వరి నీళ్ళు తాగుతుంది. పెద్ద నది ముందు ఇది చిన్న చెంబే. టిఎంసిలో పదో వంతు కూడా లేదు. కాని ఒక చెరువు కింద బతికే వూరికి అది మొత్తం చెరువు. పైగా పొలం ఎండిన ఏడాది రైతు పంట మానుకుంటాడు. కంప్యూటరు మానుకోదు, ఎండ ముదిరినకొద్దీ ఇంకా అడుగుతుంది.

పడమటికి, నింగ్‌షియాకు పోదాం. ఇక్కడి జీవనాధారం పసుపు నది. 1987లో నదీజలాలను రాష్ట్రాల మధ్య పంచినప్పుడు నింగ్‌షియాకు 400 కోట్ల ఘనమీటర్లు ఇచ్చారు. మన లెక్కలో 141 టిఎంసిలు, సాగర్ ఎడమ కాల్వ కేటాయింపు కంటే కాస్త ఎక్కువ. ఆ వాటా దాటి వాడకూడదు. 1997లో పసుపు నది కింది భాగాన 226 రోజులు చుక్క నీరు పారలేదు, ఆ భయం అందరికీ వున్నది. మరి కొత్త పరిశ్రమకు నీళ్ళెక్కడివి? 2003 నుంచి ఒక ఉపాయం పట్టారు. పరిశ్రమ తన ఖర్చుతో పంటకాలువలకు లైనింగ్ చేయిస్తుంది. కాలువలో ఇంకిపోయే నీరు మిగులుతుంది. ఆ మిగులు మీద హక్కు పరిశ్రమకు వస్తుంది. రైతు వాటా తగ్గలేదు, పరిశ్రమకు నీళ్ళు దొరికాయి, అందరికీ లాభమే అన్నారు. మొదట దీన్ని వాడుకున్నవి బొగ్గు విద్యుత్ కేంద్రాల వంటివి.

మన సాగర్ ఆయకట్టు, కృష్ణా డెల్టా రైతులను అడగండి. లైనింగ్ అయిన కాలువ పక్క బావుల్లో నీళ్ళు ఏమయ్యాయో చెబుతారు. కాలువలో ఇంకే నీరు 'వృథా' అని ఆఫీసు ఫైలులో రాస్తారు. ఆ వృథా మీదే కాలువ దిగువన బావులూ, చెట్లూ, పశువుల దొరువులూ బతుకుతుంటాయి. మిగిలిన నీరు ఎవరిది అన్న ప్రశ్న అక్కడ ఒక ఒప్పందంతో తేలిపోయింది. ఆ నింగ్‌షియాలోనే, పసుపు నది ఒడ్డున వున్న ఝొంగ్‌వెయ్ నగరంలో 2017 డిసెంబరులో అమెజాన్ కంపెనీ డేటా సెంటర్లు ఒక చైనా సంస్థ నిర్వహణలో పని మొదలుపెట్టాయి. 2022 పథకంలో ఝొంగ్‌వెయ్ కూడా ఒక సముదాయం. నది నుంచి నీరు తీసుకోవాలంటే ఎవరికైనా 2006 నాటి నిబంధన ప్రకారం వేరే పర్మిట్ కావాలి. కాబట్టి నీటి లెక్క చైనాలో లేకపోలేదు. అది జలవనరుల శాఖ దగ్గర, కరెంటు లెక్క ప్రణాళికా సంఘం దగ్గర, కాలుష్యం లెక్క పర్యావరణ శాఖ దగ్గర, భూమి లెక్క ఇంకొకరి దగ్గర వున్నాయి.

వీటన్నిటిలో వూరి మనిషిని పిలిచి అడిగేది ఎక్కడ? 2019 నుంచి అమలైన నియమాల్లో ప్రజాభిప్రాయ సేకరణ వున్నది. నివేదిక ముసాయిదాను ఇంటర్నెట్‌లో పెట్టాలి, స్థానికులకు అందే పత్రికలో రెండుసార్లు వేయాలి, వూళ్ళో నోటీసు అంటించాలి, పది పనిదినాలు గడువివ్వాలి. కాని ఇదంతా పై మెట్టున వున్న పెద్ద నివేదికకే కంపల్సరీ. ఫారం నింపే మెట్టు మీద వున్నవాళ్ళకు ఆ బాధ్యత లేదు. పొగ లేదు కాబట్టి కింది మెట్టు, కింది మెట్టు కాబట్టి వూరిని అడగనక్కరలేదు! 2015 నుంచి కాలుష్యం మీద ప్రజల తరఫున కోర్టుకు పోయే వీలు కల్పించారు గాని, అది అయిదేళ్ళుగా పనిచేస్తున్న రిజిస్టరైన సంస్థలకే. ఒంటరి రైతు ఆ తలుపు తట్టలేడు.

భూమి విషయంలో వాళ్ళకూ మనకూ తేడా వున్నది. అక్కడ సాగుభూమి గ్రామ సమష్టిది. ప్రతి కుటుంబానికీ దున్నుకునే హక్కు వాటాగా వుంటుంది, కాబట్టి పూర్తిగా భూమిలేని కూలి అనేవాడు తక్కువ. ప్రభుత్వం తీసుకుంటే పరిహారం ఇవ్వాలి. పాత పద్ధతిలో పంట దిగుబడి విలువకు ఇన్ని రెట్లు అని లెక్కకట్టేవారు. 2020 జనవరి నుంచి ప్రాంతం వారీగా ఒక సమగ్ర ధర ప్రకటించి ఇవ్వాలని మార్చారు. మన దగ్గర పట్టాదారు చెక్కు అందుకుంటాడు. కౌలుదారూ, కూలీ ఎక్కడికి పోవాలి? 2013 భూసేకరణ చట్టం మూడేళ్ళుగా ఆ భూమి మీద ప్రధానంగా ఆధారపడ్డ కూలీలనూ, కౌలుదార్లనూ కూడా బాధిత కుటుంబాలుగా లెక్కించాలన్నది. ఆ సంగతి మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు? డేటా సెంటరు కట్టేటప్పుడు రెండు మూడేళ్ళు మట్టి పని, కాంక్రీటు పని దొరుకుతుంది. కట్టిన తర్వాత కొందరు ఇంజనీర్లు, కొందరు కాపలావాళ్ళు. వరి నాట్లకు పోయే ముఠా అంతటికీ అందులో చోటు వుండదు. ఇది చైనా అయినా ఒకటే, విశాఖ అయినా ఒకటే.

అనుమతుల విషయంలో మనం చైనాకంటే ముందున్నామని గొప్పలు పోనక్కరలేదు. మన 2006 పర్యావరణ నోటిఫికేషన్ జాబితాలో డేటా సెంటర్ అనే పద్దే వేరుగా పెట్టలేదు. 20 వేల చదరపు మీటర్లకు మించిన కట్టడమైతే భవన నిర్మాణాల కింద అనుమతి తీసుకోవాలి. ఆ భవన నిర్మాణాల పద్దుకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి ఆ నోటిఫికేషన్‌లోనే మినహాయింపు రాసివున్నది. అంటే అపార్టుమెంటుకు ఎంత అడుగుతారో దీనికీ అంతే. ఏలేరు, రైవాడ, తాటిపూడి నీళ్ళు విశాఖకు పోతున్న సంగతి ఆ ఆయకట్టు రైతులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

కార్యకర్తలు చేయగలిగిన పని ఒకటి వున్నది. కట్టడానికి ఇచ్చే పర్యావరణ అనుమతి లేఖ, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సమ్మతి పత్రం, నీటి కేటాయింపు ఉత్తర్వు ఈ మూడూ వేరు వేరు ఆఫీసుల్లో వుంటాయి. సమాచార హక్కు చట్టం కింద మూడు చోట్లా విడివిడిగా దరఖాస్తు పెట్టాలి. జిల్లా, రాష్ట్ర ఆఫీసుల్లో ఫీజు పది రూపాయలు. 'డేటా సెంటర్ వివరాలు ఇవ్వండి' అని రాస్తే పనికిరాని జవాబు వస్తుంది. ఫలానా సర్వే నంబర్ల మీద ఇచ్చిన ఉత్తర్వు నకలు కావాలి, రోజుకు ఎన్ని కిలోలీటర్లు, ఏ రిజర్వాయరు లేక కాలువ నుంచి, మంచినీరా శుద్ధిచేసిన మురుగునీరా, వేసవిలో నీరు తగ్గితే ముందు ఎవరికి కోత పెడతారు అని ఒక్కొక్కటిగా రాయాలి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడు జవాబులూ వచ్చాక వాటిని ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి, చెరువు ఆయకట్టు రిజిస్టరుతో కలిపి, గ్రామసభలో గట్టిగా చదవాలి.